చంక నుంచి వీపుకు: ప్రయాణంలో బేబీ క్యారియర్ ఎంపిక

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం ఏడాది నిండిన మగపిల్లవాడి మధ్యస్థ బరువు 9.6 కిలోలు, ఆడపిల్ల బరువు 8.9 కిలోలు. రెండేళ్లకు అవి 12.2, 11.5 కిలోలవుతాయి. మూడేళ్లు నిండేసరికి ఇద్దరూ 14 కిలోల దగ్గరికి వస్తారు. ఇంట్లోనో, వీధి చివరి దుకాణం దాకానో అయితే ఈ బరువును చంకనెత్తుకుని తిరగడం ఎవరికీ పెద్ద విషయంగా అనిపించదు. శ్రీకాకుళం జిల్లా పొందూరు స్టేషన్‌లో సంచులతో రైలెక్కి, విశాఖలో ప్లాట్‌ఫామ్ మారడానికి వంతెన మెట్లెక్కి, అక్కడి నుంచి సింహాచలం బస్సు పట్టుకునే రోజున దాని అసలు లెక్క తెలుస్తుంది. చంకనెత్తుకుంటే ఒక చెయ్యి పూర్తిగా బిడ్డకే పోతుంది, నడుము ఒక పక్కకి ఒరిగిపోతుంది. భుజాల మీద కూర్చోబెట్టుకుంటే రెండు చేతులూ బిడ్డ కాళ్లు పట్టుకోవడానికే సరిపోతాయి. ఉప్పుమూట వేసుకుంటే బిడ్డ మెడ పట్టుకుని ఉన్నంతసేపే క్షేమం. నిద్ర ముంచుకొచ్చిన బిడ్డ ఆ పట్టు చెప్పకుండా వదిలేస్తుంది.

వీపున మోసే క్యారియర్ ఈ చిక్కు తీర్చడానికి పుట్టింది. నిజానికి ఇది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. సీతంపేట, పాడేరు కొండల్లో గిరిజన స్త్రీలు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని పోడు పనికీ సంతకూ నడిచి వెళతారు. జపాన్‌లో, కొరియాలో, ఆఫ్రికా దేశాల్లో కూడా తల్లులది సంప్రదాయంగా ఇదే పద్ధతి. దుకాణాల్లో అమ్ముడయ్యే ఆధునిక క్యారియర్ దాని నుంచే వచ్చింది. 1960లలో అమెరికా పీస్ కోర్ తరఫున టోగోలో నర్సుగా పనిచేసిన ఆన్ మూర్, అక్కడి తల్లులు బిడ్డల్ని వీపున కట్టుకోవడం చూసి, స్వదేశానికి వెళ్లాక స్నగ్లీ అనే క్యారియర్‌ను తయారుచేసింది. తరువాత వచ్చినవాటిలో చాలావరకు బకిళ్లు, మెత్తలు, జేబులు చేర్చుకుంటూ పోయిన రూపాలే.

ఇప్పుడు కొనబోయేవారి ముందు ప్రధానంగా మూడు రకాలుంటాయి. పొడవైన నేత గుడ్డను ఒంటికి చుట్టి ముడివేసేది ఒకటి. నడుం పట్టీ, భుజం పట్టీలు, బకిళ్లు ఉన్న మెత్తని క్యారియర్ రెండోది. ఎర్గోబేబీ, తులా వంటి విదేశీ కంపెనీలతో పాటు సోల్, అన్మోల్ లాంటి భారతీయ కంపెనీలు తయారుచేసేవి ఈ రకమే. మూడోది అల్యూమినియం ఫ్రేము, కుర్చీ, ఎండకు పైకప్పు ఉండే పెద్ద క్యారియర్. కొండలెక్కేవారి బ్యాగులు తయారుచేసే డాయిటర్, ఆస్ప్రే కంపెనీలవి దీనికి ఉదాహరణ. హిప్ సీట్ అని నడుముకు కట్టుకునే గట్టి పీఠం కూడా బజారులో బాగా కనిపిస్తుంది కానీ అది చంక మోతకు ఊతమే తప్ప వీపు మోతకు కాదు. ఎక్కువ దూరం నడవాల్సినవారు దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఈ మూడింటిలో ఏది మంచిదని అడగడం వల్ల లాభం లేదు. ఏ ప్రయాణానికి, ఎవరి వీపుకి, ఎంత బిడ్డకి అని అడగాలి. ఆ వరుస కూడా అదే. కొనేవారిలో చాలామంది దీన్ని తలకిందులు చేసి కంపెనీ పేరుతో మొదలుపెడతారు. బిడ్డ వయసు పెట్టె మీద చూసి సరిపెట్టుకుంటారు. మోసేవారి నడుము సంగతి మొదటి కిలోమీటరు నడిచాక గాని గుర్తుకు రాదు.

ఏ ప్రయాణం

పొందూరు వైపు నుంచి చిన్నబిడ్డతో సాగే ప్రయాణాలు ఎలాంటివో చూస్తే సగం నిర్ణయం అయిపోతుంది. హౌరా–చెన్నై మార్గంలోని రైళ్లు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, వాటి మధ్య కొద్దిపాటి నడక, చివర ఒక గుడి క్యూ లేదా బంధువుల ఇల్లు. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, రామతీర్థం, సింహాచలం అన్నీ ఈ కోవలోవే. ఇలాంటి ప్రయాణంలో గంట సేపు ఏకధాటిగా నడిచే సందర్భం అరుదు. ఎక్కడం, దిగడం, కూర్చోవడం, నిలబడడం, బిడ్డను దింపడం, మళ్లీ ఎత్తుకోవడం పదేపదే ఉంటాయి. దీనికి మడిచి చేతిసంచిలో పెట్టుకోగలిగిన మెత్తని క్యారియరే సరైనది. కిలో కూడా తూగని ఆ వస్తువు వాడనప్పుడు ఎవరికీ అడ్డు రాదు.

ఫ్రేము క్యారియర్ చూడటానికి దర్జాగా ఉంటుంది. అందులో కూర్చున్న బిడ్డకు దూరం దాకా కనిపిస్తుంది, మోసేవారి వీపుకీ బిడ్డకీ మధ్య గాలి ఆడుతుంది. అయితే దాని సొంత బరువే మూడు కిలోలు దాటుతుంది. జనరల్ బోగీ తలుపు దగ్గర అది పక్కవాళ్ల మొహాలకు తగులుతుంది, పల్లెవెలుగు బస్సులో పెట్టడానికి చోటుండదు, గుడి లోపలికి తీసుకుపోనివ్వకపోతే సామాన్ల గదిలో వదలాల్సి వస్తుంది. బొర్రా గుహల వంటి చోట ఇంకో ప్రమాదం ఉంది. ఫ్రేములో కూర్చున్న బిడ్డ తల మోసేవారి తలకన్నా ఎత్తుగా ఉంటుంది. పెద్దవాళ్లు తల వంచకుండా దాటిన చోట కూడా బిడ్డ తలకు రాయి తగలవచ్చు. తక్కువ ఎత్తున్న గుమ్మాలు, చెట్టు కొమ్మలు, ఆటో పైకప్పు విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఫ్రేము నిజంగా పనికొచ్చేది పూటంతా నడిచే కొండదారుల్లో. అరకు లోయలో ట్రెక్కింగ్‌కు వెళ్లే కుటుంబం, అమెరికాలో స్థిరపడి వారాంతాల్లో జాతీయ ఉద్యానవనాల్లో నడిచే తెలుగు దంపతులు దాన్ని కొనుక్కుంటే అర్థముంది. ఏడాదికి ఒక్కసారి తప్ప అలాంటి నడక లేనివారికి పెద్ద నగరాల్లో అద్దెకిచ్చే దుకాణాలున్నాయి.

మెట్లదారుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. తిరుమలకు అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు. శాలిహుండం బౌద్ధ స్తూపాల గుట్ట ఎక్కడం అంతకన్నా చాలా తేలిక. మెట్లెక్కేటప్పుడు శరీరం ముందుకు వంగుతుంది కాబట్టి వీపున బిడ్డ ఉండడం అనుకూలమే. దిగేటప్పుడే తంటా. వీపు బరువు వెనక్కి లాగుతుంది, మోకాళ్ల మీద దెబ్బ పడుతుంది. బిడ్డ ముందువైపు ఉంటే కింది మెట్టు కనిపించదు కనుక దిగడానికి కూడా వీపు మోతే మేలు, కాకపోతే ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. అలిపిరి దారిలో 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక, పిల్లలతో నడిచే భక్తులను మధ్యాహ్నం రెండు గంటల తరువాత అనుమతించకుండా టీటీడీ ఆంక్షలు పెట్టింది. ఇలాంటి వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోవాలి. ఏడాదిలోపు చంటిబిడ్డల తల్లిదండ్రులకు తిరుమలలో విడిగా దర్శన సౌకర్యం కూడా ఉంది. అంత చిన్నబిడ్డను మెట్లదారిన మోసుకెళ్లే అవసరం ఉందా అని ముందే ఆలోచించుకోవడం మంచిది.

విమాన ప్రయాణానికి ఒక్క నియమం గుర్తుంటే చాలు. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు బిడ్డ క్యారియర్‌లో ఉండకూడదు, సిబ్బంది చెప్పినట్టు ఒడిలోనో సీటులోనో ఉండాలి. విమానాశ్రయంలో నడవడానికి, చెకింగ్ వరుసల్లో నిలబడడానికి మాత్రం మెత్తని క్యారియర్‌ను మించింది లేదు. తనిఖీ దగ్గర బిడ్డను బయటికి తీయమంటారు కాబట్టి విప్పి కట్టుకోవడం త్వరగా వచ్చి ఉండాలి.

బండి మీద క్యారియర్ వాడకూడదు

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో బిడ్డ ప్రయాణాల్లో ఎక్కువ భాగం మోటార్ సైకిల్ మీదే జరుగుతుంది కాబట్టి ఈ సంగతి విడిగా చెప్పుకోవాలి. బేబీ క్యారియర్ నడకకు తయారైన వస్తువు. దాన్ని కట్టుకుని బండి వెనక కూర్చుంటే బిడ్డకు రక్షణ ఉన్నట్టు కాదు. బిడ్డ వీపున ఉండగా బండి వెనక్కి పడితే పెద్దవారి బరువంతా బిడ్డ మీద పడుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, ఏడాది తరువాత అమల్లోకి తెచ్చిన సవరణ ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లేటప్పుడు సేఫ్టీ హార్నెస్ వాడాలి. అది బిడ్డ తొడుక్కునే చొక్కాలాంటి కవచం. దాని పట్టీలు నడిపేవారి భుజాలకు తగులుకుంటాయి. తేలికగా, సర్దుబాటుకు వీలుగా, నీటికి తడవకుండా ఉండాలనీ, 30 కిలోల బరువు దాకా ఆపగలగాలనీ నిబంధన చెబుతోంది. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఇది వేరే వస్తువు, దీన్ని వేరుగానే కొనాలి. రెండు పనులకూ ఒకటే అని చెప్పి అమ్మేదాన్ని నమ్మకూడదు.

ఆటోలో, బస్సులో, కారులో కూర్చునేటప్పుడు కూడా బిడ్డను వీపు నుంచి దించాలి. సీటు వెన్నుకీ పెద్దవారి వీపుకీ మధ్య బిడ్డ నలిగిపోతుంది. కారులో అయితే పిల్లల సీటే ఉండాలి.

మోసేవారి ఒళ్లు

క్యారియర్ సుఖమనేది చివరికి ఒకే విషయం మీద ఆధారపడుతుంది. బరువు భుజాల మీద వేలాడుతోందా, తుంటి ఎముకల మీద ఆనుతోందా అన్నదే అది. నడుం పట్టీ వెడల్పుగా, గట్టి మెత్తతో ఉండి, నడుము రెండు పక్కలా చేతికి తగిలే తుంటి ఎముకల పై అంచు మీద బిగుసుకోవాలి. అప్పుడు భుజం పట్టీలు బిడ్డను వీపుకు హత్తుకునేలా ఉంచడానికే తప్ప బరువు మోయడానికి కాదు. పరీక్ష తేలిక. బిడ్డను కట్టుకున్నాక రెండు బొటనవేళ్లు భుజం పట్టీల కింద దూర్చి కొద్దిగా లేపాలి. పట్టీలు సులువుగా లేస్తే బరువు నడుము మీద ఉన్నట్టు. లేవకపోతే నడుం పట్టీ జారి కిందికి వచ్చిందో, మొదటే కింద కట్టుకున్నారో అర్థం. ఛాతీ మీద అడ్డంగా ఉండే చిన్న పట్టీ భుజం పట్టీలు పక్కకు జారకుండా ఆపుతుంది. చవక రకాల్లో ఇది ఉండదు. లేకపోతే ఆ క్యారియర్ వీపు మోతకు తీసుకోకూడదు.

మోసేవారు చీర కట్టుకుంటే ఇంకొన్ని సంగతులు చూసుకోవాలి. కుచ్చిళ్ల ముడి మీద బెల్టు బిగిస్తే అది నడకలో కిందికి జారుతుంది, ముడి పొట్టలోకి గుచ్చుకుంటుంది. పట్టుచీర మీద నైలాన్ పట్టీ నిలవదు. నూలు చీర మీద నిలుస్తుంది. కుచ్చిళ్ల ముడికి కాస్త పైన బెల్టు కట్టుకుని, పమిటను ముందుకు తెచ్చి బెల్టులో దోపుకుంటే కొంత నయం. దూరం ఎక్కువైతే సల్వార్ కమీజ్ వేసుకోవడమే సుఖం. వీపున వేలాడే జడ బిడ్డ ముఖానికీ పెద్దవారి వీపుకీ మధ్య ఇరుక్కుంటుంది, బిడ్డ దాన్ని పట్టుకుని లాగుతుంది. ముడి వేసుకుంటే ఇద్దరికీ హాయి. పిన్నులు, సూదిగా ఉండే క్లిప్పులు ఆ రోజుకు వద్దు.

బరువు లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి. 50 కిలోల స్త్రీ 12 కిలోల బిడ్డను ఫ్రేము క్యారియర్‌లో మోస్తోందనుకుందాం. క్యారియర్ మూడున్నర కిలోలు, నీళ్లు, డైపర్లు, బట్టలు రెండు కిలోలు. మొత్తం పదిహేడున్నర, అంటే ఆమె బరువులో 35 శాతం. ఇది పర్వతారోహకులు మోసే సామానుతో పోల్చదగ్గ భారం. అదే బిడ్డను మెత్తని క్యారియర్‌లో వేసుకుని సామాను భర్త భుజానికి ఇస్తే దాదాపు పదమూడు కిలోలే అవుతుంది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మమ్మలు, గర్భిణులు, సిజేరియన్ తరువాత కోలుకుంటున్నవారు వైద్యుల్ని అడగకుండా మోయకూడదు. మనవడు ఏడిస్తే ముందు చేతులు చాచేది అమ్మమ్మలే కాబట్టి ఈ మాట ఇంట్లో ముందుగానే అనుకోవాలి.

భార్యాభర్తలిద్దరూ వంతులవారీగా మోయదలిస్తే పట్టీలు ఇద్దరి కొలతకూ సర్దుబాటు అవుతాయో లేదో చూసుకోవాలి. ఫ్రేము రకాల్లో వీపు పొడవును మార్చుకునే ఏర్పాటు ఉండాలి. నడుం పట్టీని మగవారు ప్యాంటు బెల్టు మీద కట్టుకుంటారు. ఆ లోహపు బకిల్ ఒరుసుకుంటుంది కనుక బెల్టు తీసేయడం మేలు.

బిడ్డ కూర్చునే తీరు

వీపు మోతకు బిడ్డ తల నిలపడం ఒక్కటే చాలదు, ఆసరా లేకుండా కూర్చోగలగాలి. చాలామంది పిల్లలకు ఇది ఆరు నెలల తరువాత వస్తుంది. ఫ్రేము క్యారియర్‌కు ఈ నియమం ఇంకా కఠినం. అందులో బిడ్డ తనంతట తాను నిటారుగా కూర్చోవాలి. తయారీదారులు కనిష్ఠ బరువు ఏడు కిలోలకు పైనే చెబుతారు. గరిష్ఠ హద్దు ఫ్రేము రకాలకు చాలావాటిలో 22 కిలోల దగ్గర ఉంటుంది. కొన్ని కంపెనీలు ఇందులో బిడ్డ, సామాను, క్యారియర్ సొంత బరువు మూడూ కలిపి చెబుతాయి, మరికొన్ని బిడ్డ బరువు మాత్రమే చెబుతాయి. చీటీలో చిన్న అక్షరాల్లో ఉండే ఈ తేడాను వదిలేయకూడదు. మెత్తని క్యారియర్లలో సుమారు 20 కిలోల దాకా అనుమతించేవి ఉన్నాయి. పెద్దపిల్లల కోసమే పొడవైన వెన్ను, వెడల్పు సీటుతో వచ్చేవి ఇంకా ఎక్కువకు.

అయితే బరువు హద్దుకన్నా ముందు సరిపోకుండా పోయేది సీటు వెడల్పు. కూర్చున్న బిడ్డ తొడలకు ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా గుడ్డ ఆధారం ఉండాలి, మోకాళ్లు పిరుదులకన్నా కొద్దిగా ఎత్తున ఉండాలి. సీటు ఇరుకైతే బిడ్డ బరువంతా కాళ్ల సందు మీద పడి కాళ్లు నిలువుగా వేలాడతాయి. తుంటి కీళ్లు ఎదుగుతున్న వయసులో, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, ఈ భంగిమ మంచిది కాదని తుంటి కీలు సమస్యల మీద పనిచేసే వైద్యసంస్థలు చెబుతున్నాయి. నడిచే వయసు బిడ్డకు కీలు ప్రమాదం తగ్గినా కాళ్లు తిమ్మిరెక్కడం, విసుగు, ఏడుపు తప్పవు. ఆరు నెలలప్పుడు కొన్న క్యారియర్ ఏడాదిన్నరకు ఇరుకవడం మామూలే. దుకాణానికి వెళ్లే ముందు బిడ్డను కూర్చోబెట్టి, కాళ్లు కాస్త ఎడం చేసి, మోకాలి నుంచి మోకాలికి టేపుతో కొలుచుకుని వెళ్లాలి. వెన్ను ఎత్తు కనీసం బిడ్డ చంకల దాకా రావాలి. నిద్రపోయే అలవాటున్న బిడ్డకు భుజాల దాకా వచ్చి, తలకు కప్పు ఉంటే మంచిది.

మన పిల్లల ఒంటి మీది నగల సంగతి విదేశీ చీటీల్లో కనిపించదు. కాళ్ల గజ్జెలు మోసేవారి నడుములో గుచ్చుకుంటాయి, పట్టీల వలలో చిక్కుకుంటాయి. వెండి మొలతాడు సీటు గుడ్డ కింద నొక్కుకుని చర్మం మీద ఎర్రని గుర్తు పెడుతుంది. మెడలో తాయెత్తు తాడు మరీ ప్రమాదం, పట్టీకి చిక్కి మెడకు బిగుసుకోవచ్చు. ఇవన్నీ తీసి పెట్టాలి. రథసప్తమి నాటి అరసవల్లి క్యూ లాంటి రద్దీలో వీపున ఉన్న బిడ్డ పెద్దవారి కళ్లకు కనబడదు కాబట్టి బంగారం ఏదీ ఉంచకపోవడం ఇంకో కారణానికీ మంచిదే. రద్దీ మరీ ఎక్కువైతే బిడ్డను ముందువైపుకు మార్చుకోవాలి. రెండు వైపులా కట్టుకోగల క్యారియర్‌కు ఉన్న విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది.

పొందూరు గుడ్డ, క్యారియర్ గుడ్డ

ఖాదీకి పేరుమోసిన ఊళ్లో ఈ ప్రశ్న తప్పక వస్తుంది. బిడ్డను మోయడానికి ఇక్కడి గుడ్డే వాడకూడదా అని. పొందూరు సన్నఖాదీ మెత్తదనానికి కారణం దాని నూలు. కొండపత్తి, పునాస పత్తి గింజల చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. తరువాత ఏకి, ఏకుల్ని అరటి దవ్వ పొరలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. నూరు కౌంటు, అంతకు పైబడిన నూలు ఇలా చేత్తో తీస్తారు. నూరు కౌంటంటే ఒక కిలో నూలు దాదాపు 169 కిలోమీటర్ల పొడవు సాగుతుంది. పది కౌంటు నూలు కిలోకు పదిహేడు కిలోమీటర్లే వస్తుంది. అంటే సన్నఖాదీ పోగులో ఉండే దూది ముతక పోగులో పదో వంతు. గాలి ఆడడానికి, చెమట పీల్చడానికి అంతకు మించిన గుడ్డ లేదు. పన్నెండు కిలోలు కదులుతూ, గుంజుతూ ఉంటే ఆపడానికి మాత్రం ఆ గుడ్డను నేయలేదు. పలచని గుడ్డ భుజం మీద తాడులా ముడుచుకుని కోసుకుంటుంది.

కాబట్టి బరువు మోసే గుడ్డ చదరపు మీటరుకు 200 గ్రాములు, ఆపైన తూగేదిగా ఉండాలి. ముతక నూలుతో చేనేత మగ్గం మీద నేసిన దుప్పటి గుడ్డ ఆ బరువుకు దగ్గరగా వస్తుంది. జంపఖానా అయితే మరీ బిరుసు, ముడి పడదు. మధ్యరకం ఒంటికి చుట్టుకుని వీపున కట్టుకోవడానికి సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు, అరవై నుంచి డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు కావాలి. ఏటవాలు గీతల నేత ఉంటే గుడ్డ మూలవాటున కొద్దిగా సాగి బిడ్డ ఒంటికి అమరుతుంది. సాదా నేత అంతగా అమరదు కానీ పనికొస్తుంది. పాలిస్టర్ కలిసిన చీర జారుతుంది, దాన్ని వాడకూడదు. గుడ్డ చుట్టడం నేర్చినవారి చేతిలో చాలా సుఖమైన సాధనం. నేర్చుకోకుండా ప్రయాణం రోజున మొదలుపెడితే మాత్రం ప్రమాదమే.

సన్నఖాదీ తన పని తాను వేరే చోట చేస్తుంది. మెత్తని క్యారియర్‌లో బిడ్డ పొట్టకీ పెద్దవారి వీపుకీ మధ్య చెమట చేరే చోట ఒక పొర వేసుకోవచ్చు. బిడ్డ పట్టీ అంచును నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది, ఆ అంచుకు చుట్టుకోవచ్చు. ఎండలో తల మీద కప్పుకోవచ్చు, ముఖం పూర్తిగా మూసేయకుండా. ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళం వైపు ఉక్కపోతలో క్యారియర్ గుడ్డ ఒక అదనపు చొక్కాతో సమానం. బిడ్డకు ఒక పొర పలచని నూలు బట్టలే చాలు. పదకొండు నుంచి నాలుగు దాకా నడక పెట్టుకోకూడదు. నీళ్లు, పాలు అడగక ముందే ఇస్తుండాలి.

ఊళ్లో దర్జీ చేత బకిళ్ల క్యారియర్ కుట్టించుకోవాలనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. గుడ్డ దొరుకుతుంది, నమూనా దొరుకుతుంది. దొరకనివి బరువుకు పరీక్షించిన బకిళ్లు, గట్టి దారం, పట్టీ అతుకుల దగ్గర అడ్డంగా వేసే పదేపదే కుట్టు. బట్టలు కుట్టే మామూలు దారంతో భుజం పట్టీ అతికిస్తే అది ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. తలకప్పు, జేబు, ఎండ తెర లాంటివి దర్జీకి ఇవ్వవచ్చు. బరువు మోసే భాగం పరీక్షలకు నిలిచిన కంపెనీదే ఉండాలి. చీటీ మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 13209 గాని, అమెరికా ప్రమాణాలు ఏఎస్‌టీఎం ఎఫ్2236, ఎఫ్2549 గాని ఉన్నాయేమో చూడాలి. మొదటి అమెరికా అంకె మెత్తని రకాలకు, రెండోది ఫ్రేము రకాలకు. రంగు గురించి ఒక్క మాట: ముదురు రంగు వేడిని పట్టుకుంటుంది, లేత రంగు మురికిని చూపిస్తుంది. ఎవరికి ఏది ఇబ్బందో వారే తేల్చుకోవచ్చు.

కొనే ముందు, బయల్దేరే ముందు

దుకాణంలో ఖాళీ క్యారియర్ వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. బిడ్డను తీసుకెళ్లి కనీసం పావుగంట కట్టుకుని తిరగనిమ్మని అడగాలి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు లోపల ఇంట్లోనే పరీక్షించాలి. మొదట పది కిలోల బియ్యం మూట పెట్టుకుని మేడమెట్లు ఎక్కి దిగితే పట్టీలు ఎక్కడ నొక్కుతున్నాయో బయటపడుతుంది. తరువాత బిడ్డతో. వీపు మీదికి ఎక్కించుకోవడం మంచం దగ్గర నేర్చుకోవాలి. బిడ్డను మంచం అంచున కూర్చోబెట్టి, మోసేవారు వెనక్కి తిరిగి వంగి, ఇంకొకరు ఆనిచ్చి పట్టుకుంటే కొన్నిసార్లకు చెయ్యి తిరుగుతుంది. ఒంటరిగా ప్రయాణించే తల్లి ఎవరి సాయం లేకుండా, నేలకు దగ్గరగా కూర్చుని ఎక్కించుకోవడం కూడా వచ్చాకే బయల్దేరాలి.

కట్టుకున్నాక బిడ్డ ముఖం పెద్దవారికి కనబడదు. ఫోన్ ముందు కెమెరాను భుజం మీదుగా పెట్టి చూసుకోవచ్చు, లేదా పక్కనున్నవారిని అడగవచ్చు. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉందా, ముక్కుకు గుడ్డ అడ్డం ఉందా, పాదాలు చల్లబడ్డాయా, రంగు మారాయా అని చూడాలి. గంటకోసారైనా దింపి కాళ్లాడనివ్వాలి. ప్లాట్‌ఫామ్ మీద కొంతసేపు తన కాళ్ల మీద నడిచిన బిడ్డ మళ్లీ వీపెక్కడానికి మొండికేయదు. రైల్లో, ఆర్టీసీ బస్సులో అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు కానీ సీటూ ఉండదు కాబట్టి ఒడిలో పెట్టుకోవడానికే సిద్ధపడాలి. కదులుతున్న బోగీ తలుపు దగ్గర బిడ్డ వీపున ఉండగా నిలబడకూడదు. వీపు వెనక ఎంత చోటుందో మోసేవారికి అంచనా ఉండదు. వేడి టీ, వండే పొయ్యి దగ్గరా అంతే. వంగాల్సి వస్తే నడుము వంచకుండా మోకాళ్లు మడిచి కూర్చుని అందుకోవాలి, లేకపోతే బిడ్డ మోసేవారి తల మీదుగా ముందుకు జారుతుంది.

చుట్టాల దగ్గర తీసుకున్న పాత క్యారియర్‌ను వెలుతురులో పెట్టి చూడాలి. భుజం పట్టీ, నడుం పట్టీ కలిసే అతుకుల దగ్గర దారాలు లేచి ఉన్నా, బకిల్ పంటి మీద పగులు కనిపించినా, నొక్కినప్పుడు టక్కుమనకుండా పడుతున్నా వాడకూడదు. విరిగిన బకిల్ స్థానంలో బ్యాగుల దుకాణంలో దొరికే మామూలు బకిల్ పెట్టించడం కూడా సరికాదు. కంపెనీ నుంచే తెప్పించాలి. ఉతకాలంటే బకిళ్లు పెట్టి, చల్లని నీటిలో, తేలికైన సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. ఎర్రటి ఎండలో నెలల తరబడి ఆరిన నైలాన్ పట్టీ బయటికి బాగానే కనిపించినా లోపల బలం కోల్పోతుంది. సముద్రం ఒడ్డున వాడాక ఉప్పు, ఇసుక కడిగేయకపోతే బకిల్ సందుల్లో చేరి అది సరిగా పడదు.

మూడేళ్లు దగ్గరపడ్డాక చాలామంది పిల్లలు ఎక్కువ దూరం నడుస్తారు, అలసిన చివరి అరగంటకే వీపు అడుగుతారు. ఆ దశకు కొత్త క్యారియర్ కొనాల్సిన పని లేదు. ఉన్నదే బరువు హద్దులో ఉంటే సంచిలో వేసుకోవచ్చు. హద్దు దాటితే ప్రయాణాన్నే బిడ్డ నడకకు తగ్గట్టు చిన్న ముక్కలు చేసుకోవాలి.